తల్లి లేని కోడిపిల్లల్ని పాత మందలో కలిపేటప్పుడు

ఈమధ్య నాకు ఫోన్ చేసే రైతుల్లో చాలామంది అడిగేది ఒకటే. "అన్నా, నెలన్నర పిల్లల్ని తెచ్చి మా నాటుకోళ్లలో వదిలాం. పది రోజుల్లో సగం పోయాయి. ఏం తప్పు చేశాం?" పెద్ద కోళ్లు పొడిచి చంపాయని కొందరంటారు, తెచ్చిన పిల్లలే మంచివి కావని కొందరంటారు. రెండూ కొంత నిజమే గానీ, అసలు సంగతి ఇంకోటుంది.

మన అమ్మమ్మల కాలంలో ఈ ఇబ్బందే లేదు. పెట్ట పొదిగి పిల్లల్ని చేసేది. నాలుగు రోజులు గంప కింద ఉండి, తర్వాత తనే వాటిని వెంటేసుకుని పెరట్లో తిరిగేది. ఇంకో పెట్ట దగ్గరికొస్తే ఈకలు నిక్కబొడుచుకుని మీదికెళ్లేది. గద్ద నీడ పడితే కేకేసేది. అంటే పిల్లల్ని మందకి పరిచయం చేసే పని మొత్తం తల్లిదే అన్నమాట.

ఇప్పుడు మనం తెచ్చుకునే వనరాజా, గ్రామప్రియ లాంటివి మిషన్‌లో పొదిగినవి, బ్రూడర్‌లో బల్బు కింద పెరిగినవి. రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన మంచి రకాలే. కానీ తల్లి వెంట తిరగని పిల్లకి కర్రెక్కి పడుకోవడం తెలీదు. పెద్ద కోడి తల ఎత్తితే పక్కకి తప్పుకోవాలనీ తెలీదు. తల్లి నెలన్నర, రెండు నెలల పాటు చేసే పనిని మనం ఒక్క సాయంత్రంలో తేల్చేద్దాం అనుకుంటాం. దెబ్బ అక్కడే తగులుతుంది.

నాకూ తగిలింది. నూజివీడు దగ్గర మా మామిడి తోటలో మొదటి ఏడాది నలభై నాటు పెట్టలుండేవి, గుడ్లు విజయవాడ పంపేవాణ్ణి. గిరాకీ పెరిగిందని ఒకాయన దగ్గర యాభై పిల్లల్ని కొని, అదే రోజు సాయంత్రం షెడ్డులో వదిలేశాను. డిప్లొమా పరీక్షలో క్వారంటైన్ గురించి రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే! తొమ్మిదో రోజుకి పాత పెట్టలు ఆకుపచ్చగా విరేచనం చేయడం, మెడలు తిప్పేసుకోవడం మొదలైంది. కొక్కెర తెగులు. కొత్తవాటితో పాటు పాతవి కూడా చాలావరకు పోయాయి. గుడ్లు తీసుకునే ఇళ్లవాళ్లకి మూడు నెలలు మొహం చూపించలేకపోయాను.

మొదటి మూడు వారాలు: దూరం

కొత్త పిల్లల్ని పాత షెడ్డుకి వీలైనంత దూరంగా, వేరే నీళ్లు, వేరే మేత డబ్బాలతో ఉంచండి. కొక్కెర తెగులు పైకి తేలడానికి సాధారణంగా ఐదారు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. అందుకే నేను 21 రోజులు ఉంచుతాను. గురక, ముక్కు కారడం లాంటి శ్వాస జబ్బులు ఇంకా ఎక్కువ కాలం దాగి ఉంటాయి, చోటుంటే నెల రోజులు ఉంచడం మరీ మంచిది. రోజూ ముందు పాత కోళ్ల పని చూసుకుని, చివర్లో కొత్తవాటి దగ్గరికి వెళ్లాలి. చెప్పులు కూడా మార్చాలి. మా అమ్మ దీనికి నవ్వుతుంది, అయినా మారుస్తున్నాను.

ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి. ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాం కదా, టీకా ఎందుకు అంటారు కొందరు. కొక్కెర తెగులు వైరస్ జబ్బు. వచ్చాక ఏ కషాయమూ, ఏ ఇంగ్లీష్ మందూ దాన్ని తగ్గించదు. మొదటి వారంలో లసోటా చుక్కలు, ఎనిమిది వారాల వయసులో ఆర్‌టుబి ఇంజెక్షన్ వేయించండి, మధ్యలో బూస్టర్ సంగతి మీ పశువైద్యుణ్ణి అడగండి. పాత మందకీ వేసి ఉండాలి. టీకా వేసిన వెంటనే కలపొద్దు, పది రోజులు ఆగండి.

ఇంకో చిట్కా. ఈ గడువు చివరి వారంలో పాత మందలోంచి ఒక్క పెట్టని తెచ్చి కొత్తవాటి పక్కన పెట్టండి. పైకి ఆరోగ్యంగా కనిపించే పిల్లలు జబ్బు మోస్తుంటే ముందు ఈ పెట్టకి తెలుస్తుంది. ఒక్క పెట్టతో పోతుంది, మంద మిగులుతుంది. వారం బాగుంటే దాన్ని తిరిగి కలిపేయొచ్చు.

జబ్బు అటునుంచి ఇటు కూడా వస్తుంది. రక్త పారుడు కలిగించే క్రిములకి పాత కోళ్లు అలవాటు పడిపోయి ఉంటాయి, వాటికేం కాదు. కానీ వాటి రెట్టలోంచి అవి పిల్లలకి చేరతాయి. కాబట్టి షెడ్డులో పొట్టు తడిగా ఉన్నప్పుడు, ముఖ్యంగా నీళ్ల డబ్బాల చుట్టూ, పిల్లల్ని వదలకండి. పాత పొట్టు తీసి ఎండుది వేశాకే కలపండి.

తర్వాత పది రోజులు: చూపులు

1920ల్లో నార్వే శాస్త్రవేత్త షెల్డరుప్ ఎబ్బే కోళ్లని గమనించి, మందలో ఎవరు ఎవర్ని పొడవాలో ఒక వరుస ఉంటుందని రాశాడు. మన పెరట్లో చూసినా అంతే. గింజల దగ్గరికి ఎవరు ముందు వస్తారో రోజూ అదే వరుస. కొత్త కోడి వస్తే ఆ వరుస చెదురుతుంది, మళ్లీ తేలేదాకా పొడుచుకుంటాయి. దాన్ని పూర్తిగా ఆపలేం, రక్తం దాకా పోకుండా మాత్రం చూడగలం.

షెడ్డులో ఒక మూల జాలీతో అడ్డుకట్టి పిల్లల్ని అందులో పెట్టండి. జాలీకి అటొక మేత డబ్బా, ఇటొక డబ్బా, దగ్గర దగ్గరగా. ఎదురెదురుగా తింటూ ఒకదానికొకటి అలవాటు పడతాయి. మొదటి రెండు రోజులు పెద్దవి జాలీ మీద పడి పొడుస్తాయి. ఆరేడు రోజులకి పట్టించుకోవడం మానేస్తాయి. ఇక కలపొచ్చని అదే గుర్తు. ఈ రోజుల్లోనే పిల్లలకి "ఇదే మన ఇల్లు" అని కూడా పడుతుంది, తర్వాత తోటలో వదిలినా చీకటి పడేవేళకి తిరిగొస్తాయి. మేత వేసేటప్పుడు రోజూ ఒకే పిలుపు పిలవండి.

కలిపే రోజు

పిల్లలు కనీసం 10 నుంచి 12 వారాలవై ఉండాలి, పెద్దవాటి సైజులో మూడొంతుల్లో రెండొంతులైనా రావాలి. ఒక్కటీ రెండూ వదలొద్దు, గుంపుగానే వదలాలి. అసీల్ పెట్టలున్న మందలో మాత్రం నేను కలపను, వాటి కోపం వేరు.

రాత్రి చీకట్లో కర్రల మీద పెట్టేస్తే పొద్దునకి సర్దుకుంటాయని మా నాన్న పద్ధతి. కోడికి చీకట్లో కళ్లు కనబడవు కాబట్టి ఆ రాత్రి గొడవ ఉండదు, నిజమే. కానీ తెల్లారాక తలుపు తెరవడం ఆలస్యమైతే పారిపోవడానికి చోటుండదు. ఒకసారి నేను ఏడింటికి లేచి వెళ్లేసరికి మూడు పిల్లల తలలు రక్తం. అప్పట్నుంచి సాయంత్రం చీకటికి గంట ముందు, బయట తోటలోనే కలుపుతున్నాను. చోటెక్కువ, పురుగులేరుకునే పనిలో ఉంటాయి, గంటలో పడుకునే వేళవుతుంది. మామిడి కొమ్మలు కత్తిరించినవి అక్కడక్కడా కుప్పలేస్తే పిల్లలు దూరి దాక్కుంటాయి.

వీడియోలో గంప దగ్గర చూపించింది ఇదే. పెద్ద గంపని బోర్లించి, మూడు వైపులా ఇటుకల మీద ఎత్తి పెట్టండి. పిల్ల దూరాలి, పెద్ద పెట్ట దూరకూడదు, అంత సందు. లోపల మేత, నీళ్లు. ఎందుకంటే, పొడిచినందువల్ల చచ్చేవాటికన్నా మేత దగ్గరికి రానివ్వక నీరసించి పోయేవే ఎక్కువ. సాయంత్రం కర్రెక్కాక ఒక్కో పిల్ల మెడ కింద మేత సంచిని తడిమి చూడండి. నిండుగా ఉంటే సరే. ఖాళీగా ఉంటే దానికి మేత అందడం లేదని లెక్క.

ఈ రోజుల్లో గుడ్ల కోళ్ల దాణా ఆపేయండి. అందులో కాల్షియం మూడున్నర శాతం దాకా ఉంటుంది, పెరిగే పిల్లకి ఒక శాతం చాలు, ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. అందరికీ గ్రోయర్ మేతే పెట్టి, ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో ఉంచండి. గుడ్లు పెట్టే పెట్ట తనకి కావలసినంత తింటుంది, పిల్లలు పెద్దగా ముట్టుకోవు.

తల మీద ఒక పోటు, పిల్ల పారిపోవడం, ఇది మామూలే, కలగజేసుకోకండి. మూలకి నెట్టి వదలకుండా పొడుస్తుంటే మాత్రం ఆ పొడిచే పెట్టనే తీసి నాలుగు రోజులు వేరే పెట్టండి. అది తిరిగొచ్చేసరికి దాని పెద్దరికం కొంత పోతుంది. దెబ్బ తిన్న పిల్లని తీస్తే అది మళ్లీ కొత్తదే అవుతుంది, కథ మొదటికొస్తుంది. రక్తం కారితే తప్పదు, తీసి, పసుపు, వేపనూనె రాసి, జాలీ అవతలే పెట్టండి, కళ్లకి కనబడేలా.

రాత్రి కర్రల దగ్గర కోడికి జానెడు చోటు ఇవ్వాలి. పిల్లలు కొన్ని రోజులు నేల మీదో, గుడ్ల గంపల్లోనో పడుకుంటాయి. చీకటి పడ్డాక చేత్తో ఎత్తి కింది కర్ర మీద పెట్టండి. వారంలో వాటంతటవే ఎక్కుతాయి.

ఈ పది, పదిహేను రోజులు పాత పెట్టల గుడ్లు తగ్గుతాయి, కంగారుపడి మేత మార్చేయకండి. మే నెల ఎండల్లోనూ, తొలకరి ముసురులోనూ కలపడం పెట్టుకోవద్దు. నేనైతే పిల్లల్ని జూలైలో తెచ్చి, దసరా దగ్గరికి మందలో కలిపేలా చూసుకుంటున్నాను.