దయ్యమా, దొంగా? తేల్చాల్సింది సీరియల్ వారే!

పామిడిముక్కల: సస్పెన్స్ సీరియల్ మంచి చెడ్డలు మొదటి భాగంలో తేలవు. చిట్టచివర ముడి విప్పిన తీరును బట్టి తేలుతాయి. రోడ్డు మీది తాడంకి, మంటాడ మొదలుకొని లోపలి గురజాడ, ఐనపూరు దాకా బుల్లితెర ప్రేక్షకులు మార్కులు వేసేది ఈ లెక్కనే. దయ్యమని హడలగొట్టి ఆఖరున దొంగను పట్టిస్తే సంతోషిస్తారు. దొంగ కోసం నెలల తరబడి వెతికించి, ఆఖరున దయ్యాన్ని తెచ్చి నిలబెడితే మండిపడతారు.

ఈ మాట వస్తే ఇప్పటికీ ముందుగా తలచుకునేది 'అన్వేషిత'నే. ఈటీవీ ప్రసారాలు 1995 ఆగస్టు 27న మొదలయ్యాయి. ఆ తర్వాత రెండు మూడేళ్లకే అలహరి దర్శకత్వంలో వచ్చిన ఈ సీరియల్ తెలుగు లోగిళ్లను గడగడలాడించింది. నాయిక యమున. నాయకుడు అచ్యుత్. ఆయన మన బందరులో పుట్టినవాడు. దాంతో ఈ ప్రాంతంలో సీరియల్‌కు ఆదరణ ఇంకాస్త ఎక్కువ. 'తమ్ముడు' సినిమాలో పవన్ కల్యాణ్ అన్నగా వేసినా, ఇక్కడి ఆడవారికి ఆయన 'అన్వేషిత' అచ్యుతే. నలభై ఏళ్లు దాటీ దాటకుండానే 2002 డిసెంబరు 26న గుండెపోటుతో కన్నుమూశారు.

అప్పట్లో ఇంటింటా టి.వి. లేదు. ఉన్న ఇంటి వసారాలో ఇరుగుపొరుగంతా చేరేవారు. ఇంటివారు ముందు, పిల్లలు నేలమీద, మొగమాటస్తులు గుమ్మం బయట. కథ పట్టులో పడ్డాక కరెంటు పోతే పిల్లల కేకలతో వీధి మారుమోగేది. సీరియల్ చూసిన రాత్రి పెరట్లోకి వెళ్లాలంటే తోడు కావాలి. ఎండిన కొబ్బరిమట్ట కదిలినా గుండె ఝల్లుమనేది. పగలు ధైర్యంగా కబుర్లు చెప్పిన మగవారు కూడా కాలవగట్టున ఒంటరిగా రావలసి వస్తే పాట అందుకునేవారట!

భయపెట్టేది బొమ్మ కంటే చప్పుడేనని చాలామంది అభిప్రాయం. ధ్వని తగ్గించి చూస్తే సగం భయం పోతుంది. ఈ చిట్కా పసిపిల్లల తల్లులు ఏనాడో కనిపెట్టారు. సాగదీత మీద మాత్రం అందరిదీ ఒకటే ఫిర్యాదు. తలుపు తెరవబోతున్న చెయ్యి దగ్గర భాగం ఆపేసి, తరువాతి భాగంలో అక్కడ ఏమీ లేదని చూపితే ఒకసారి ఊరుకుంటారు, రెండోసారి తిడతారు. చేలో పనిచేసి వచ్చి నిద్ర ఆపుకొని చూసేవారికి ఆ కోపం న్యాయమే.

ఇక నేరస్తుడెవరన్న పందేల్లో నవలలు చదివినవారిదే పైచేయి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో అద్దె పుస్తకాలుగా ఊరూరా తిరిగిన రోజులు వారికి గుర్తే. ఎవరి మీద అనుమానం రాదో వారినే పట్టుకోవాలన్నది ఆ పాఠకుల సూత్రం. తీర్పు చెప్పడంలోనూ వారు కఠినులు. ఆనవాలు ముందే చూపాలి, ఆఖరి భాగంలో కొత్త మనిషిని దింపితే అది మోసమంటారు.

దయ్యాల వాదన ఇంతకంటే గట్టిది. 1980 ప్రాంతంలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' నవల వచ్చినప్పుడే ఈ తగవు పుట్టింది. పసిపిల్ల బాధకు మూలం చేతబడా, వైద్యానికి లొంగే జబ్బా అన్నది అందులో ఉత్కంఠ. మూఢనమ్మకాన్ని పెంచుతోందని రంగనాయకమ్మ ఆ నవలను తూర్పారబడుతూ ఏకంగా పుస్తకమే రాశారు.

ఆ తగవులో ఈ ప్రాంతానికీ వాటా ఉంది. ఉయ్యూరు పక్క ముదునూరులోనే గోరా 1940లో నాస్తిక కేంద్రం స్థాపించారు. 1947లో అది విజయవాడకు తరలింది. దయ్యాలు తిరుగుతాయన్న ఇంట్లో కాపురం ఉండి చూపిన దంపతులు గోరా, సరస్వతి. 1980 దశకంలో తెలంగాణ పల్లెల్లో బాణామతి పేరిట అనుమానాలు చెలరేగి అమాయకులు దెబ్బలు తిన్నప్పుడు ఈ కేంద్రం వారు వైద్యులతో వెళ్లారు. నిప్పుల మీద నడిచి, అందులో మహిమ లేదని చూపారు.

అందుచేత చేతబడి సీరియల్ వచ్చినప్పుడల్లా ఇక్కడ రెండు పక్షాలు. కథను కథగా చూడాలి, భయం కూడా వినోదమే అని ఒకరు. బుల్లితెర మీద మంత్రగాడిని చూసిన కళ్లు మర్నాడు వీధి చివరి ఒంటరి ముసలమ్మను అనుమానంగా చూస్తాయి, పాలివ్వని గేదెకూ తగ్గని జ్వరానికీ ఆమెనే కారణం చేస్తాయని మరొకరు. రెండో పక్షం మాటను తోసిపుచ్చడం కష్టం. సీరియల్ ముగిసినా ఆ ముసలమ్మ అదే వీధిలో ఉండాలి కదా.

2023 డిసెంబరు 1న అమెజాన్ ప్రైమ్‌లో వచ్చిన 'దూత' ఈ వాదనను మళ్లీ రేపింది. విక్రమ్ కుమార్ దర్శకుడు. గుడివాడ దగ్గరి రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు మనవడు నాగచైతన్య పాత్రికేయుడి వేషం వేశాడు. దొరికిన పత్రిక ముక్కలో ముందే అచ్చయిన కీడు ఆనక నిజమవుతుంటుంది. విశాఖపట్నం, ఎడతెగని వాన, మొత్తం ఎనిమిది భాగాలు. తొలి భాగాల బిగువును మెచ్చినవారే, మానుష శక్తికి మించిన కారణం బయటపడేసరికి పెదవి విరిచారు. పాత పాపం తరుముకు రావడమే అసలు కథ, దయ్యం ఉంటే తప్పేమిటని కుర్రకారు ఎదురు ప్రశ్న.

వసారా మాత్రం ఖాళీ అయింది. ఎనిమిది భాగాలూ ఒక్క రాత్రిలో ఎవరి ఫోనులో వారు చూసేస్తున్నారు. మధ్యలో ఆగేది లేదు కాబట్టి పందెం కాసేదీ లేదు. మిగిలిన గొడవల్లా ఒక్కటే. ముందు చూసినవాడు టీ కొట్టు దగ్గర చివర ఏమైందో చెప్పేస్తున్నాడు.