గుండెదడకు గొంతులోని కారణము

ఆరోగ్యవంతుని గుండె నిమిషమునకు సుమారు 72 సార్లు కొట్టుకొనును. ఆ లెక్కన దినమునకు 1,03,680 సార్లు. ఇంత పని జరుగుచున్నను ఆ సంగతి మనకు తెలియదు, తెలియకుండుటయే ఆరోగ్యలక్షణము. మెట్లెక్కినప్పుడో, దుర్వార్త విన్నప్పుడో, పరీక్షాఫలితములకై ఎదురుచూచునప్పుడో గుండె దడదడలాడును. కారణము తొలగగానే తనంతట తానే కుదుటపడును. ఇది సహజము. అట్లుకాక, కదలక కూర్చున్నను, పడకపై వాలినను, నడిరాత్రి మెలకువ వచ్చినను, గుండె రొమ్మును లోపలినుండి తట్టుచున్నట్లు దినముల తరబడి తోచుచున్నచో, దానికి కారణము వెదకవలసినదే.

అట్టి కారణములు పెక్కు కలవు. రక్తహీనత, జ్వరము, గుండెలోని విద్యుత్ప్రసారమున లోపము, కొన్ని మందులు, మనోవ్యాకులత వీనిలో కొన్ని. ఈ ప్రసంగమునకు విషయము మరియొకటి. ఆ వ్యాధిలో బాధ గుండెలో తెలియును. లోపము గొంతులో నుండును. మూలము రక్తములో నుండును. దానిని గ్రేవ్స్ వ్యాధి యందురు. ఇది పురుషులలో కంటె స్త్రీలలో పలురెట్లు అధికము. ఇంటి బరువంతయు మోయు నడివయస్సులో తరచుగా కనిపించుటచే, “పిరికిగుండె” అనియో, “నరముల బలహీనత” అనియో ఇంటివారు తేల్చివేయుట, రోగియు ఆ మాట నమ్మి నెలల తరబడి ఓర్చుకొనుట జరుగుచుండును. ఆ ఓర్పు ఎంతటి నష్టమునకు దారితీయునో, దానికి మారుగా ఏమి చేయవచ్చునో తెలియుట మేలు.

వైద్యులకును ఈ మూలము ఒక్కనాట దొరకలేదు. ఐర్లండు దేశమున డబ్లిన్ నగరములో రాబర్ట్ గ్రేవ్స్ అను వైద్యుడు, తీవ్రమైన గుండెదడతో చిరకాలము బాధపడిన ముగ్గురు స్త్రీలను గూర్చి చేసిన ఉపన్యాసము 1835లో అచ్చయినది. వారి గొంతులోని థైరాయిడ్ గ్రంథి ఉబ్బియుండుటను ఆయన గుర్తించెను. 1840లో జర్మనీ దేశీయుడైన బాసెడో అను వైద్యుడు గుండెదడ, గొంతువాపు, కనుగ్రుడ్లు ముందుకు పొడుచుకొనివచ్చుట అను మూడు లక్షణములను జతపరచి వర్ణించెను. అయినను, ఇది గుండెజబ్బని కొందరు, నరముల జబ్బని కొందరు చాలకాలము తలచిరి. దోషము థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేయుటలో నున్నదని 1886లో మోబియస్ సూచించెను. ఆ గ్రంథిని అట్లు పరుగెత్తించు పదార్థమొకటి రోగుల రక్తములో కలదని 1956లో న్యూజీలండులో ఆడమ్స్, పర్వెస్ అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. గుండెనుండి గొంతునకు, గొంతునుండి రక్తమునకు దారి పట్టుటకు 121 సంవత్సరములు పట్టినది. ఇట్టి రోగమును ఒక్క మాటలో “భయము” అని కొట్టివేయుట ఎంత తొందరపాటో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

థైరాయిడ్ గ్రంథి గొంతు ముందుభాగమున, కంఠమణికి దిగువన, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారమున ఉండును. అది తయారుచేయు హార్మోను శరీరమందలి ప్రతి భాగము ఎంత వేగముగా పనిచేయవలెనో నిర్ణయించును. ఆ గ్రంథిపై మెదడు అడుగుననున్న పిట్యూటరీ గ్రంథి మేస్త్రీ వంటిది. హార్మోను తగ్గినప్పుడు టి.ఎస్.హెచ్. అను మరియొక హార్మోనును పంపి, “పని సాగించుడు” అని చెప్పును. చాలినంత తయారైనప్పుడు ఊరకుండును.

మన రక్తములో ప్రతిరక్షకములను పదార్థములు కలవు. బయటినుండి వచ్చు రోగక్రిములను ఎదిరించుట వాని పని. ఒక్కొక్కప్పుడు అవి తమవారెవరో పరులెవరో తెలియక స్వంత శరీరముపైననే తిరుగబడును. కంచె చేను మేయుట యన్న ఇదియే. ఇట్టివానిని ఆటో ఇమ్యూన్ వ్యాధులందురు. గ్రేవ్స్ వ్యాధిలో మాత్రము ఒక విచిత్రము కలదు. ఇక్కడ ప్రతిరక్షకములు గ్రంథిని నాశనము చేయుటకు బదులు, మేస్త్రీ గొంతును అనుకరించి, “ఇంకను చేయుడు, ఇంకను చేయుడు” అని దానిని తొందరపెట్టును. అసలు మేస్త్రీ మౌనము వహించినను పని ఆగదు. కనుకనే ఈ రోగులలో థైరాయిడ్ హార్మోను హెచ్చుగను, టి.ఎస్.హెచ్. దాదాపు శూన్యముగను పరీక్షలో కనబడును.

హెచ్చిన హార్మోను శరీరమంతటను వేడిని పెంచును. అన్ని అవయవములును ఎక్కువ రక్తము కోరును. అదిగాక, గుండె లయను నడపు కేంద్రముపై నేరుగా పనిచేసి వేగమును, బలమును రెండింటిని పెంచును. నిమిషమునకు 110 చొప్పున కొట్టుకొను గుండె దినమునకు 1,58,400 సార్లు కొట్టుకొనును. పనివానికి విశ్రాంతి యీయక దినమునకు ఒకటిన్నర దినముల చాకిరీ చేయించుట వంటిదిది. నెలల తరబడి ఇట్లు సాగినచో గుండె అలసిపోవును. కొందరిలో, ముఖ్యముగా వృద్ధులలో, దాని లయ తప్పి నాడి అడ్డదిడ్డముగా కొట్టుకొనును. అప్పుడు గుండె గదిలో రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ మెదడునకు చేరి, పక్షవాతము కలుగు ప్రమాదము కలదు. ఓర్చుకొనుటలోని నష్టము ఇది.

దడతో పాటు మరికొన్ని గుర్తులు కనబడవచ్చును. ఆకలి బాగుగనే యుండి బరువు తగ్గుట, ఇతరులకు చల్లగా నున్నప్పుడు తనకు ఉక్కపోయుట, చాచిన వ్రేళ్లు సన్నగా వణకుట, విరేచనములు ఎక్కువసార్లు అగుట, బహిష్టు తగ్గుట, నిద్రలేమి, చీటికి మాటికి విసుగు, కూర్చున్నచోటినుండి లేచుటకు తొడలలో బలము చాలకపోవుట, కండ్లు మంటలు పుట్టి పెద్దవిగా తోచుట. ఇవి అన్నియు ఒక్కరిలో ఉండనక్కరలేదు. వృద్ధులలో బరువు తగ్గుట, నాడి క్రమము తప్పుట తప్ప వేరొకటి కనబడకపోవచ్చును. టైప్ 1 మధుమేహము, బొల్లి మున్నగు ఆటో ఇమ్యూన్ వ్యాధులలో ఏదేని ఒకటి ఉన్నవారికి థైరాయిడ్ వ్యాధియు తోడగు అవకాశము ఇతరులకంటె హెచ్చు. అట్టివారు దడ కలిగినప్పుడు, “ఉన్న జబ్బులో ఇదియొక భాగమే” అని సరిపెట్టుకొనరాదు.

గొంతువాపు అనగానే అయొడిన్ లోపమువలన వచ్చు గలగండము మన వారికి జ్ఞప్తికి వచ్చును. శ్రీకాకుళమున జన్మించిన వులిమిరి రామలింగస్వామి గారు 1956లో హిమాలయ ప్రాంతమందలి కాంగ్రా లోయలో ఆరంభించిన పరిశోధనము, అయొడిన్ చేర్చిన ఉప్పుతో ఆ వ్యాధిని నివారింపవచ్చునని నిరూపించినది. గ్రేవ్స్ వ్యాధి అది కాదు. దీనికి అయొడిన్ మందుగా తోచి, సముద్రపు నాచు మాత్రలవంటివి ఎవరికి వారు కొని మ్రింగుట హానికరము.

దడ ఉన్నవారు మొట్టమొదట చేయదగిన పని నాడిని లెక్కించుట. దీనికి గడియారము తప్ప మరియొక సాధనము అక్కరలేదు. ప్రతిదినము ఒకే వేళ, ఉదయపు రేడియో వార్తలకు ముందు అనుకొందము, 5 నిమిషములు ఊరక కూర్చుండవలెను. చూపుడువ్రేలు, నడిమివ్రేలు కలిపి, మణికట్టుపై బొటనవ్రేలి వైపున మెల్లగా ఆనించి, పూర్తిగా ఒక నిమిషము లెక్కించవలెను. బొటనవ్రేలితో పట్టరాదు; దానిలోని నాడియే మనలను మోసగింపవచ్చును. విశ్రాంతిగా నున్న పెద్దవారికి 60 నుండి 100 వరకు సాధారణము. లెక్కతో పాటు, దెబ్బలు సమముగా పడుచున్నవా, తప్పుచున్నవా అన్నదియు వ్రాసికొనవలెను. రోగి గాఢనిద్రలో నున్నప్పుడు ఇంటివారెవరైన మెల్లగా నాడిని చూచుట మరింత ఉపయోగకరము. వ్యాకులతవలన హెచ్చిన నాడి నిద్రలో సామాన్యముగా దిగివచ్చును. థైరాయిడ్ ప్రేరణవలన హెచ్చినది నిద్రలోను అంతగా దిగదు. ఇది అనుమానమునకు ఆధారమే గాని నిర్ణయము కాదు. నిర్ణయించవలసినవి రక్తపరీక్షయు, గుండె లయను చూపు ఇ.సి.జి.యు. జుట్టు రాలకుండుటకై బయోటిన్ మాత్రలు వాడువారు పరీక్షకు కనీసము 2 దినములు ముందు మానవలెను. లేనిచో లేని వ్యాధి ఉన్నట్లు ఫలితము రావచ్చును.

వ్యాధి నిశ్చయమైన పిమ్మట చికిత్సకు మూడు మార్గములు కలవు. గ్రంథి పనిని తగ్గించు మాత్రలు మొదటిది. 1943లో అమెరికాలో ఆస్ట్‌వుడ్ ఈ మార్గమునకు దారి చూపెను. మన దేశమున ఎక్కువగా వాడునది కార్బిమజోల్. 1941లో ఆరంభమైన రేడియో అయొడిన్ చికిత్స రెండవది. శస్త్రచికిత్స మూడవది. ఎవరికి ఏది తగునో వైద్యుడు నిర్ణయించును.

మాత్రలు మొదలుపెట్టిన కొలది దినములకే, “మందు పనిచేయుటలేదు” అని నిరుత్సాహపడువారు పలువురు. గ్రంథిలో ముందే నిలువయున్న హార్మోను ఖర్చుకావలెను గదా! గాదెలో ధాన్యమున్నంతకాలము, పంట ఆపినను వంట ఆగదు. అందువలన పూర్తి గుణము కనబడుటకు సామాన్యముగా 4 నుండి 8 వారములు పట్టును. ఈ నడిమికాలములో దడను తగ్గించుటకు ప్రొప్రనలాల్ వంటి మందును వైద్యులిత్తురు. ఇది వ్యాధిని మాన్పదు. గుండెకు ఊరట నిచ్చును. ఉబ్బసము ఉన్నవారు ఆ సంగతి వైద్యునకు ముందే చెప్పవలెను. ఈ మందును ఒక్కసారిగా మానరాదు.

ఆ వారములలో రోగి తాను చేసికొనదగినవి కొన్ని కలవు. కాఫీ, టీలు తగ్గించుట. పొగత్రాగుట పూర్తిగా మానుట, ఏలయన అది కంటి బాధను పెంచును. జలుబు మందులు వైద్యుని అడుగక వాడకుండుట. వేసవిలో పొయ్యివేడికి దూరముగా నుండి నీరు, మజ్జిగ తరచు పుచ్చుకొనుట. శరీరము కరగకుండ పప్పు, పాలు, గ్రుడ్లు మున్నగు పుష్టికరాహారము తినుట. బరువైన వ్యాయామము నాడి కుదురువరకు వద్దు. దడ వచ్చినప్పుడు కూర్చుండి, ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి, అంతకంటె నెమ్మదిగా విడువవలెను. ఎడమప్రక్క పండుకొన్నప్పుడు దడ ఎక్కువగా తెలిసినచో కుడిప్రక్కకు తిరుగవలెను. ఇవి ఊరట కలిగించునవే. మందునకు ప్రత్యామ్నాయములు కావు.

ఇంటివారి బాధ్యత తక్కువది కాదు. “ఊరికే భయపడకుము” అన్న మాటవలన నాడి ఒక్క దెబ్బయైనను తగ్గదు. ఆమె విసుగును, కన్నీటిని స్వభావదోషముగా ఎంచక, హెచ్చిన హార్మోను పనిగా గ్రహించి, కొంతకాలము వంటయింటి భారమును పంచుకొన్నచో అదియే గొప్ప సహాయము.

కొన్ని సందర్భములలో ఆలస్యము తగదు. రొమ్మునొప్పి, ఊపిరాడకపోవుట, సొమ్మసిల్లుట, మాట తడబడుట, మూతి వంకరపోవుట, లేక ఎక్కువ జ్వరముతో దడ హెచ్చి వాంతులు, మతిభ్రమ కలుగుట సంభవించినచో వెంటనే 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. కార్బిమజోల్ వాడువారికి జ్వరము, గొంతునొప్పి వచ్చినచో, ఆ మందు ఆపి, అదే దినమున తెల్లరక్తకణముల పరీక్ష చేయించవలెను. అరుదుగనైనను ఆ కణములు ప్రమాదకరముగా తగ్గిపోవుట కలదు. బిడ్డను కోరు స్త్రీలు ముందుగానే వైద్యునితో చెప్పవలెను. గర్భము తొలి మాసములలో మందు మార్చవలసియుండును.

మాత్రలు సాధారణముగా 12 నుండి 18 నెలలు వాడవలెను. గుణమిచ్చినదని నడుమ మానరాదు. పూర్తి చేసినవారిలోను సుమారు సగముమందికి వ్యాధి తిరిగి రావచ్చును. రేడియో అయొడిన్ చికిత్స పొందినవారిలో పెక్కుమందికి పిమ్మట గ్రంథి మందగించి, జీవితాంతము థైరాక్సిన్ మాత్ర అవసరమగును. ఆ మాత్ర మోతాదు మించినను మరల దడ పుట్టును. కావున ఈ వ్యాధితో కాపురము చేయుటయనగా, నాడి లెక్కను, రక్తపరీక్షను ఇంటి జమాఖర్చువలె విడువక చూచుకొనుటయే. నాడి లెక్కలు వ్రాసిన చీటీని వైద్యుని యొద్దకు వెళ్లినప్పుడెల్ల వెంట తీసికొనిపోవలెను. “దడగా నున్నది” అను మాటకంటె, “పది దినములుగా విశ్రాంతిలో 112, నిద్రలో 98” అను లెక్క వైద్యునకు త్వరగా దారి చూపును.