ఉప్పునీటి ఈతకొలను – సున్నపు పొర

జలం ఉత్తమమైన ద్రావణి. అది ప్రవహించిన నేలలోని, తాకిన రాతిలోని ఖనిజాలను తనలో లీనం చేసుకొంటుంది; పరిస్థితులు మారినప్పుడు వాటిని మరొకచోట విడిచిపెడుతుంది. అరకు లోయ సమీపాన ఉన్న బొర్రా గుహలలో పైకప్పు నుండి వేలాడే శిలాకృతులు ఈ విధంగా ఏర్పడినవే. బోరుబావి నీటిని కాచిన గిన్నె అడుగున తేరే తెల్లని పొరకు కూడా ఇదే కారణం. ఉప్పునీటి ఈతకొలనుల గోడలను పట్టి ఉండే సున్నపు పొర ఈ కోవకు చెందినదే.

ఉప్పునీటి ఈతకొలను అనగానే సముద్రజలంతో నింపిన కొలను అని పలువురు భావిస్తారు. అది నిజం కాదు. సముద్రజలంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఈ కొలనులలో సాధారణంగా లీటరుకు 3 గ్రాములకు కొంచెం అటూ ఇటూగా మాత్రమే ఉప్పు ఉంటుంది. నీటిని శుద్ధిచేయడానికి అవసరమైన క్లోరిన్‌ను బయటి నుండి తెచ్చి కలపకుండా, ఆ ఉప్పునీటి నుండే విద్యుద్విశ్లేషణం ద్వారా ఉత్పత్తి చేస్తారు. ఇందుకోసం టైటానియం లోహపు పలకలు గల ఒక ఘటాన్ని నీరు ప్రవహించే గొట్టానికి అమరుస్తారు.

సౌకర్యంతోపాటు ఒక చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. ఘటంలోని ఋణధ్రువం వద్ద హైడ్రోజన్ వాయువు బుడగలుగా వెలువడుతుంది. ఆ బుడగలు నీటిని కలచి, అందులో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను వెలుపలికి తరలిస్తాయి. దానితో నీటి ఆమ్లత్వం తగ్గి, పి.హెచ్. విలువ క్రమంగా పెరుగుతుంది. అప్పుడు నీటిలోని బైకార్బొనేట్‌లో కొంత భాగం కార్బొనేట్‌గా మారి, కాల్షియంతో కలిసి, కాల్షియం కార్బొనేట్ రూపంలో పేరుకొంటుంది. చక్కెర వేడినీటిలో ఎక్కువగా కరుగుతుంది. కాల్షియం కార్బొనేట్ స్వభావం ఇందుకు విరుద్ధం. నీరు వేడెక్కినకొద్దీ దాని కరిగే గుణం తగ్గుతుంది. అందువల్ల వేసవిలో ఈ సమస్య అధికమవుతుంది. మొదట ఘటంలోని పలకల మీద, ఎండ తగిలే నీటి అంచున, తరువాత గోడల పూత మీద పొర కనిపిస్తుంది.

ఈ పూతను తెల్ల సిమెంటు, చలువరాతి పొడి కలిపి తయారుచేస్తారు. సిమెంటు నీటితో చర్య జరిపి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్ పుడుతుంది. పూతలో సన్నని పగుళ్ళు గాని, అడుగున బోలు గాని ఉంటే నీరు వాటిలోకి చొరబడి ఈ పదార్థాన్ని కరిగించుకొని పైకి వస్తుంది. కొలను నీటిలోని బైకార్బొనేట్‌తో అది కలిసినచోట గట్టి బుడిపెలు ఏర్పడతాయి. కాబట్టి గోడ అంతటా సమంగా పరచుకొన్న పొరకు నీటి గుణమూ, అక్కడక్కడ మొలిచే బుడిపెలకు పూతలోని లోపమూ ప్రధాన కారణాలని గుర్తించాలి. పగులును సరిచేయకుండా బుడిపెను మాత్రమే గీకివేస్తే అది మళ్ళీ మొలుస్తుంది.

పేరుకొన్నది కాల్షియం కార్బొనేట్ అవునో కాదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. గోడ నుండి తీసిన పెళ్ళ మీద ఒక చుక్క హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే అది నురగలు కక్కుతుంది. పలుచని పొరైతే నీటి పి.హెచ్. విలువను 7.2 ప్రాంతానికి తగ్గించి, నైలాన్ కుంచెతో రోజూ రుద్దుతూ రావాలి. అది కొన్ని వారాలలో క్రమంగా కరుగుతుంది. గట్టి బుడిపెలను నురుగురాయితో మెల్లగా అరగదీయాలి.

కొందరు తొందరపడి కొలనును ఖాళీచేయించి, గోడలను గాఢమైన ఆమ్లంతో కడిగిస్తారు. ఇది ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం వంటిది. ఆమ్లం సున్నపు పొరతోపాటు పూతను కూడా తినివేస్తుంది. గరుకెక్కిన పూత మీద పాచి, సున్నం మరింత సులభంగా పట్టుకొంటాయి. భూగర్భజల మట్టం ఎక్కువగా ఉన్నచోట ఖాళీ కొలను అడుగు నుండి పైకి లేచే ప్రమాదమూ ఉంది. ఆమ్లాన్ని వాడవలసి వస్తే నీటిలో ఆమ్లాన్ని పోయాలే తప్ప, ఆమ్లంలో నీటిని పోయరాదు. క్లోరిన్ మందులతో ఆమ్లం కలిస్తే విషవాయువు వెలువడుతుంది, అది ప్రాణాంతకం.

సున్నానికి భయపడి నీటిలో కాల్షియం లేకుండా చేయడమూ పొరపాటే. కాల్షియం కొరవడిన నీరు ఆ కొరతను పూత నుండే తీర్చుకొంటుంది. గోడలు గుంటలు పడతాయి. 1936లో విల్‌ఫ్రెడ్ లాంజిలియర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు నీటి సమతుల్యతను లెక్కించే సూచికను ప్రతిపాదించాడు. పి.హెచ్., ఉష్ణోగ్రత, కాల్షియం, క్షారత, కరిగి ఉన్న లవణాలు అనే అయిదింటిని అది పరిగణిస్తుంది. సూచిక విలువ సున్నాకు దగ్గరగా ఉంటే నీరు సమస్థితిలో ఉన్నట్లు. సున్నాను మించితే సున్నం పేరుకొంటుంది. తగ్గితే పూత కరుగుతుంది. సాధారణంగా పి.హెచ్. 7.2 నుండి 7.8 వరకు, కాల్షియం కఠినత లీటరుకు 200 నుండి 400 మిల్లీగ్రాముల వరకు ఉండడం మేలు.

కఠినజలం లభించే ప్రాంతాలలో కొలనును నింపడానికి ముందే నీటిని పరీక్షించాలి. ఆవిరైన నీటికి బదులుగా బోరునీటిని కలిపిన ప్రతిసారీ కొంత కాల్షియం కొలనులో చేరుతుంది. ఆవిరి వెళ్ళిపోతుంది గాని ఖనిజం మిగిలిపోతుంది. అందుచేత వారానికి ఒకసారైనా పి.హెచ్.ను పరీక్షించడం, ఘటపు పలకలను అప్పుడప్పుడు పరిశీలించడం అవసరం. కొద్దిపాటి పరీక్షతో నివారించగలిగిన దానిని నిర్లక్ష్యం చేస్తే, చివరకు పూతనంతటినీ పెకలించి కొత్తగా వేయించుకోవలసిన స్థితి వస్తుంది.