మిషిన్‌కు మన ఊరు ఎర్కలేదా?

మొన్న స్కాలర్‌షిప్ ఫారం నింపిన. మాది కొత్తపల్లి. ఇంగ్లీషుల 'టి' పక్కన 'హెచ్', ఆఖరుకు 'వై' పెట్టి కొట్టిన. ప్రింట్ తీస్తే కోటపల్లి అని వచ్చింది! చూసుకోకుంటే నా ఫారం వేరే జిల్లాకు పోయేది. రికార్డుల ఎతికితే మా ఊరు రెండు 'టి'లతోని, ఆఖరుకు 'ఈ'తోని ఉన్నది.

గిట్లెందుకైతదో చెప్త. మనం కొట్టిన పేరు రికార్డుల అచ్చం అట్లనే లేకుంటే, కంప్యూటర్ దానికి దగ్గరున్న పేరు దేవులాడతది. దీన్నే ఫజ్జీ మ్యాచింగ్ అంటరు. 1965ల సోవియట్ శాస్త్రవేత్త వ్లదిమీర్ లెవెన్‌ష్టైన్ చెప్పిన లెక్క దీనికి బాగ వాడుతరు. ఒక పేరును ఇంకో పేరు చెయ్యాలంటే ఎన్ని అక్షరాలు కలపాలె, తియ్యాలె, మార్చాలె అని లెక్కపెడ్తది. ఎంత తక్కువుంటే అంత దగ్గర.

ఇగ మా ఊరిని చూడుండ్రి. నేను కొట్టిన దాంట్ల ఒక్క 'హెచ్' తీస్తే కోటపల్లి అయితది. మంచిర్యాల జిల్లాల ఆ పేరుతోని మండలమే ఉన్నది. రికార్డుల ఉన్న మా ఊరు కావాలంటే రెండక్షరాలు మార్చాలె. అంటే మిషిన్ లెక్కల పరాయి ఊరు దగ్గర, సొంతూరు దూరం!

తెలుగు పేర్లను ఇంగ్లీషుల తలా ఓ తీరుగ రాస్తరు. వనపర్తికి 'డబ్ల్యూ' పెడ్తరు, వికారాబాద్‌కు 'వి' పెడ్తరు. మన నోట్లె రెండూ 'వ'నే. అందుకే మన పేర్లకు వట్టి అక్షరాల లెక్క సాలదు. పల్లి, పల్లె లాంటి తేడాలను ముందుగాల ఒక్కటి చేసి, అటెన్క లెక్కపెట్టాలె. జిల్లా, మండలం గూడ కలిపి చూడాలె. అండ్లనూ ఓ చిక్కున్నది. 2016ల మన 10 జిల్లాలు 31 అయినయి, 2019ల 33 అయినయి. పాత కాయితంల ఆదిలాబాద్ అని ఉన్న కోటపల్లి ఇప్పుడు మంచిర్యాలల ఉన్నది. పాత జిల్లా పేరు గూడ మిషిన్‌కు ఎర్కుండాలె.

ఇంత చేసినా, ఆఖరి మాట మిషిన్‌ది కావొద్దు. దగ్గరున్న మూడు నాలుగు ఊర్లను మండలంతోని సహా చూపెట్టి, "ఇండ్ల మీదేది?" అని అడగాలె. మనం చెప్పినంక పేరును కాదు, కోడ్‌ను దాచుకోవాలె. కేంద్రం నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీల ఊరూరికి ఒక కోడ్ ఉంటది. స్పెల్లింగ్ ఎట్లున్నా కోడ్‌తోని ఊరు దొరుకుతది.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, లిస్టుల మొదటి పేరే మనదనుకొని నొక్కకుండ్రి. జిల్లా, మండలం చూసుకోండ్రి, మీ ఊరి కోడ్ రాసి పెట్టుకోండ్రి. మీల ఎవలన్న కోడింగ్ నేర్సుకుంటుంటే ఈ ఒక్కటి యాది పెట్టుకోండ్రి: అక్షరం తేడా వస్తే ఊరు మార్చుడు కాదు, ఊరోన్ని అడుగుడు నేర్పాలె మిషిన్‌కు.