స్పాంజి ముక్కల సలహా వెనక్కి తీసుకుంటున్నాను

పై వీడియోలో నేను మామిడి మొక్కల మొదళ్ల నుంచి స్పాంజి ముక్కలు ఏరి సంచిలో వేస్తున్నాను చూశారు కదా. వాటిని అక్కడ పెట్టిందీ నేనే. పాత సోఫా స్పాంజి కోసి మొక్క మొదట్లో పూడిస్తే వేసవిలో తేమ నిలుస్తుందని రెండేళ్ల కిందట ఒక వీడియోలో చెప్పాను. మేమూ చేశామని కొందరు ఫోన్ కూడా చేశారు. ఆ సలహా తప్పు.

మా పొలం నెల్లిమర్ల దగ్గర, గెడ్డ పక్కనే. గట్టి వాన పడితే ఆ నీరు చంపావతిలో కలిసి కోనాడ దగ్గర సముద్రంలోకి పోతుంది. ఫిష్ అమైనో ద్రావణానికి చేపల వ్యర్థాలు తెచ్చుకునేది కూడా ఆ తీరం నుంచే. మొన్న తలకాయలు, పేగులు డబ్బాలో నింపుకుంటుంటే ఒక పెద్దాయన వల దులుపుతూ, "ఏటి బాబూ, ఇవి కూడా పట్టుకెల్తావేటి? మీ పైనుంచి వచ్చినవే కదా" అని నవ్వారు. చూస్తే కవ్వళ్ల మధ్య పసుపు స్పాంజి తునకలు. నాకు నవ్వు రాలేదు.

సోఫా, కారు సీట్ల స్పాంజిలోనూ, పాత టీవీ, కంప్యూటర్ల ప్లాస్టిక్‌లోనూ తొందరగా నిప్పంటుకోకుండా బ్రోమిన్ రసాయనాలు కలిపేవారు. వాటిలో ముఖ్యమైనవి పీబీడీఈలు. అన్ని స్పాంజిల్లోనూ ఉండవు గానీ, ఎందులో ఉన్నాయో కంటితో చూసి చెప్పలేం. ఇవి ప్లాస్టిక్‌కు గట్టిగా అతుక్కుని ఉండవు, ఊరికే కలిసి ఉంటాయి. స్పాంజి చివికేకొద్దీ పొడితో పాటు బయటికి వస్తాయి.

డిప్లొమాలో డీడీటీ పాఠం చదివాను. ఇవీ అదే దారిలో నడుస్తాయి. నీటిలో దాదాపు కరగవు. బురదను, కొవ్వును పట్టుకుంటాయి. ఒండ్రుతో కొట్టుకొచ్చి సముద్రం అడుగున చేరతాయి. అక్కడి పురుగుల నుంచి చిన్న చేపకు, దాన్నుంచి పెద్ద చేపకు వెళ్తూ మెట్టు మెట్టుకీ పెరుగుతాయి. మన దేశంతో సహా ఆసియా తీరాల్లో సేకరించిన ఆల్చిప్పలను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. పరీక్షించిన ప్రతి నమూనాలోనూ పీబీడీఈలు ఉన్నాయి. కొరియా, హాంకాంగ్, చైనా, ఫిలిప్పీన్స్ తీరాల్లో ఎక్కువగా కనిపించాయి.

మనకు ఇంకో చిక్కుంది. కష్టపడి పెంచుకునే సేంద్రియ కర్బనమే ఈ రసాయనాలను మట్టిలో పట్టి ఉంచుతుంది. జీవామృతం పోసినంత మాత్రాన అవి విరిగిపోవు.

1973లో అమెరికాలోని మిచిగాన్‌లో వీటి దాయాది పీబీబీ పొరపాటున పశువుల దాణాలో కలిసింది. మెగ్నీషియం ఆక్సైడ్ బస్తాల బదులు ఆ బస్తాలు వెళ్లాయి. సుమారు 30 వేల పశువులను, 15 లక్షల కోళ్లను చంపి పూడ్చాల్సి వచ్చింది. ఆ రైతులు చేసిందల్లా దాణా కొనడమే.

2009లో స్టాక్‌హోం ఒప్పందం నిషేధ జాబితాలో కొన్ని పీబీడీఈలను చేర్చారు. మన దేశం 2018 మార్చి 5న నిబంధనలు తెచ్చి వాటి తయారీ, వాడకం, దిగుమతి ఆపింది. కానీ పాత సామాను ఇంకా మన ఇళ్లలోనే ఉంది.

అందుకే ఇప్పుడు నేను పాటిస్తున్నవి:

- తేమకు ఉద్దానం కొబ్బరి పీచు, లేదా ఎండుగడ్డి ఆచ్ఛాదన. స్పాంజి వద్దు.
- పాత స్పాంజి, వైర్లు, టీవీ డొక్కులు గట్టు మీద కాల్చొద్దు. ఆ పొగలో డయాక్సిన్ల వంటి విషాలు పుడతాయి. స్పాంజిని తడవకుండా మూటకట్టి చెత్త బండికి, ఎలక్ట్రానిక్ సామాను గుర్తింపు ఉన్న రీసైక్లింగ్ వాళ్లకు ఇవ్వాలి.
- ఫిష్ అమైనోకు కవ్వళ్లు, నెత్తళ్ల వంటి చిన్న చేపల వ్యర్థాలే. సొర వంటి పెద్ద చేపల కాలేయం, కొవ్వు వేయను. బెల్లంతో పులియబెట్టినా ఈ రసాయనాలు పోవు.

చేపలు తినడం మానమని నేను చెప్పడం లేదు. మా ఇంట్లో కవ్వళ్ల పులుసు ఆగలేదు.

నేను పెట్టింది మూడు బస్తాల స్పాంజి. రెండు రోజులు ఏరితే దొరికింది ఒకటిన్నర బస్తా. మిగతాది కొంత మట్టిలో, కొంత గెడ్డలో కలిసిపోయింది. నా మాట విని మీరూ పెట్టి ఉంటే, వానలు పడకముందే తీసేయండి.