అతిథి యంత్రం – ఆతిథేయ ధర్మం

నెల్లిమర్ల చెంత ప్రవహించే చంపావతి నదిపై డెంకాడ ఆనకట్ట ఉంది. దాని కింద పొలాలెన్ని ఉన్నా వాటికి ఆధారమైన నది ఒక్కటే. కాలువ మొదట్లో ఉన్న రైతు తన తూమును ఎంత వెడల్పు చేసుకున్నా నదిలో నీరు పెరగదు. చివరనున్న చేను మాత్రం ఎండుతుంది. పరిమితమైన దానిని పలువురికి పంచవలసి వచ్చినప్పుడు వంతుల పద్ధతే శరణ్యం. కంప్యూటర్ కూడా ఇందుకు మినహాయింపు కాదు.

ఒక కంప్యూటర్‌లో మరొక కంప్యూటర్ ఉన్నట్లు తోపించే ఏర్పాటును వర్చువల్ మెషీన్ అంటారు. అసలు యంత్రం ఆతిథేయి. దానిలో నడిచేది అతిథి. విండోస్ ఉన్న యంత్రంలోనే లైనక్స్ నేర్వదలచిన విద్యార్థికి ఇది వరం. ఈ భావన కొత్తది కాదు. 1960వ దశకంలో ఐ.బి.ఎం. సంస్థ దీనికి పునాది వేసింది; 1972లో వి.ఎం./370ని వెలువరించింది. 1999లో వచ్చిన వి.ఎం.వేర్ వర్క్‌స్టేషన్ దీనిని వ్యక్తిగత కంప్యూటర్లకు చేరువ చేసింది.

ప్రాసెసర్‌లో గణన చేసే భాగాన్ని కోర్ అంటారు. నాలుగు కోర్లున్న యంత్రంలో అతిథికి నాలుగూ ఇస్తే అది మరింత వేగంగా నడుస్తుందని చాలామంది భావిస్తారు. కాని అతిథికిచ్చిన కోర్ నిజమైన కోర్ కాదు; అసలు కోర్‌పై వంతు కోరే హక్కు మాత్రమే. అతిథి నాలుగింటినీ ఆక్రమిస్తే తెరను, డిస్కును, కీబోర్డును చూచుకోవలసిన ఆతిథేయి తన వంతుకై వేచి ఉండవలసి వస్తుంది. అతిథి డిస్కును వాడాలన్నా ఆతిథేయి ద్వారానే వాడాలి. కనుక ఆతిథేయి మందగిస్తే అతిథీ మందగిస్తుంది.

మరొక చిక్కు కూడా ఉంది. పల్లకి మోసే నలుగురిలో ఒకడు రాకుంటే తక్కిన ముగ్గురూ నిలిచిపోతారు. అట్లే, అతిథి కోర్లలో ఒకటి వంతు దొరకక ఆగితే, దాని ఫలితం కోసం తక్కినవి వృథాగా ఎదురుచూస్తాయి. అందువల్ల నాలుగు కోర్ల అతిథి కంటె రెండు కోర్ల అతిథి చురుకుగా పనిచేయడం కద్దు. హైపర్ థ్రెడింగ్ ఉన్న ప్రాసెసర్‌లో ఒక్కొక్క కోర్ రెండుగా కనిపిస్తుంది. కాని శక్తి రెట్టింపు కాదు. కాబట్టి లెక్కింపవలసినది అసలు కోర్లనే.

నాలుగు కోర్ల యంత్రంలో అతిథికి మొదట రెండు ఇచ్చి చూడాలి. అవి నిరంతరం నిండుగా పనిచేస్తుంటేనే మూడవదాని గురించి ఆలోచించాలి. ఒకటైనా ఆతిథేయికి మిగలాలి. కోర్లు ఖాళీగా ఉన్నా అతిథి మందగిస్తే, లోపం మెమరీలోనో డిస్కులోనో వెదకాలి. స్వల్పమైన పనులు చేసే అతిథులు అనేకం ఉన్నప్పుడు, వాటి కోర్ల మొత్తం అసలు సంఖ్యను మించినా ఇబ్బంది ఉండదు. అన్నీ ఒకేసారి అడగవు గనుక. మెమరీ విషయంలో ఈ ఉదారత పనికిరాదు.

అడిగినంత ఇవ్వడం కాదు, అవసరమెరిగి ఇవ్వడమే పంపకంలోని నేర్పు. ఇల్లు నిలిచినప్పుడే అతిథికి ఆదరణ.