ఖనిజానికి చీటీ ఉంది, కూలీకి?



మన సరిహద్దు జిల్లాలో రెండు భాషలకూ చెందిన మాట ఒకటి ఉంది. తెలుగులో 'జీతం' అంటే నెల తిరిగేసరికి చేతికొచ్చే డబ్బు. కన్నడంలో 'జీత' అంటే తీసుకున్న అప్పు తీరేదాకా ఒకరి దగ్గర కట్టుబడి చేసే చాకిరీ. సర్కారు కాగితాల్లో కూడా 'జీత పద్ధతి' అనే రాస్తారు. మన పాత తెలుగు 'జీతగాడు'లోనూ ఆ వాసన కొంత మిగిలే ఉంది. ఈ జీతానికీ ఆ జీతకూ మధ్య దూరం ఎంతో, ఒక కంపెనీ తన పనుల్లో మొదటిది రెండోదిగా మారకుండా ఎట్లా చూసుకోవాలో ఈవేళ మాట్లాడుకుందాం.

దోణిమలై సంగతి మీకు తెలిసిందే. సండూరు తాలూకా కొండల్లో 1977లో అక్కడ ఇనుప ఖనిజం తీయడం మొదలైంది. నడిపేది కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్.ఎం.డి.సి. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. టౌన్‌షిప్పు, పెద్ద యంత్రాలు, పే స్లిప్పు, పి.ఎఫ్., యూనియను. ఇట్లాంటి చోట కంపెనీ రిజిస్టరులో పేరున్న మనిషిని అప్పు పేరుతో కట్టిపడేయడం ఎవరికీ సాధ్యం కాదు. నేను మాట్లాడేది ఆ మనిషి గురించి కాదు, ఆ ఒక్క కంపెనీ గురించీ కాదు. ఏ పెద్ద కంపెనీకైనా గేటు అవతల ఇంకో లోకం ఉంటుంది. లారీల లోడింగు, కాలువల పూడిక, మొక్కలు నాటడం, కంకర క్వారీ, క్వార్టర్స్ కట్టడానికి ఇటుకలు కాల్చే బట్టీ. కంపెనీ కాంట్రాక్టరుకు ఇస్తుంది, కాంట్రాక్టరు చిన్న కాంట్రాక్టరుకు, ఆయన మేస్త్రికి. నాలుగో మెట్టు మీద కూలీ ఉంటాడు. కంపెనీ ఆఫీసరుకు మొదటి మెట్టు కనిపిస్తుంది. నాలుగో మెట్టు మీద ఉన్నవాడి పేరు కూడా తెలియదు.

ఆ నాలుగో మెట్టు దగ్గర లెక్క ఎట్లా ఉంటుందో చూద్దాం. ఇవి ఉదాహరణకు చెబుతున్న అంకెలు. ఆదోని వైపు ఒక పల్లెలో వానలు పడలేదు. సుగ్గికి పోయే కాలం. మేస్త్రి వచ్చి ఆలుమగలకు 40,000 రూపాయలు చేతిలో పెట్టాడు. కూతురి పెళ్ళి అప్పుకు అది సరిపోయింది. ఇద్దరూ పనికి వచ్చారు. మేస్త్రి పుస్తకంలో రోజుకు ఇద్దరికీ కలిపి 500 రాసుకుంటాడు. నెలకు 25 రోజుల పని, 12,500. మేస్త్రి చెప్పిన అంగట్లోనే బియ్యం, నూనె, నెలకు 7,000. మందులకూ చిల్లరకూ 1,500. మిగిలిన 4,000 అప్పులో జమ. ఆరు నెలలకు 24,000 తీరింది, ఇంకా 16,000 ఉంది. ఊరికి పోతామంటే, "బాకీ కట్టి పోండి" అంటాడు. మళ్ళీ ఏడాది ఆ 16,000 మీద కొత్త అడ్వాన్సు కలుస్తుంది.

ఇందులో ఎవరూ ఎవరినీ కొట్టలేదు, తాళం వేయలేదు. మేస్త్రి మరీ చెడ్డవాడు కూడా కాకపోవచ్చు, ఆయనకూ పైనుంచి అడ్వాన్సు వచ్చి ఉంటుంది. అయినా మన చట్టం దీన్ని వెట్టి అనే అంటుంది. 1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి, 1976లో చట్టమైన వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం అడ్వాన్సు తీసుకున్నందుకు ప్రతిగా మనిషి తక్కువ కూలీకి పని చేయాల్సి వచ్చినా, ఇంకోచోట పని వెతుక్కునే స్వేచ్ఛ పోయినా, ఇష్టం వచ్చిన చోటికి పోలేకపోయినా అది వెట్టే. ఆ బాకీ చట్టం దృష్టిలో రద్దయినట్టే. వసూలు చేయడానికి కోర్టుకు కూడా పోలేరు. ఇది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత అప్పిచ్చినవాడిది. కూలీ ఏమీ నిరూపించనక్కరలేదు. చదువుకున్నవాళ్ళలో కూడా చాలామందికి తెలియని సంగతి ఇది.

"మేం కాంట్రాక్టరుకు పూర్తి డబ్బు ఇచ్చేశాం, తర్వాత సంగతి మాకు తెలియదు" అని కంపెనీలు చెప్పే మాట కొత్తది కాదు. దానికి సుప్రీంకోర్టు 1982లోనే జవాబు చెప్పింది. ఢిల్లీలో ఏషియాడ్ ఆటల కోసం స్టేడియాలు, ఫ్లైఓవర్లు కడుతున్న రోజులు. అప్పటి కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. కాంట్రాక్టర్లు ఆ డబ్బు జమాదారుల చేతికిచ్చేవాళ్ళు. జమాదారు అంటే మన మేస్త్రే. మనిషికి ఒక రూపాయి కమీషను పట్టుకుని 8 రూపాయల 25 పైసలే కూలీకి ఇచ్చేవాడు. పౌరహక్కుల సంఘం ఒకటి జస్టిస్ భగవతికి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్నే కోర్టు పిటిషనుగా తీసుకుంది. కూలీలు కాంట్రాక్టర్ల మనుషులని ప్రభుత్వ సంస్థలు వాదించాయి. పని మీది, చట్టం అమలయ్యేలా చూసే బాధ్యతా మీదే అన్నది కోర్టు. అంతకంటే పెద్ద మాట ఇంకొకటి అన్నది. గతిలేక కనీస వేతనానికి తక్కువకు పనిచేసే మనిషి, రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ చేస్తున్నట్టే. ఆకలి కూడా బలవంతమే. ఆ ఒక్క రూపాయి గురించి ఇంత తీర్పు వచ్చింది.

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. 2000 తర్వాత చైనా గిరాకీతో ఖనిజం ధర పెరిగినప్పుడు బళ్ళారి, హొసపేట, సండూరు చుట్టూ పట్టా పొలాల్లో కూడా తవ్వడం మొదలైంది. పైపొరలో దొరికే రాయిని సుత్తులతో పగలగొట్టి, జల్లెడ పట్టి, గంపల్లో మోసేవాళ్ళు. ఆడవాళ్ళు, పిల్లలు కూడా. ప్లాస్టిక్ పట్టాల కింద గుడిసెలు, ఒళ్ళంతా ఎర్ర దుమ్ము. జిల్లా గనుల్లో పిల్లల పని గురించి 2005లో ఒక నిజనిర్ధారణ బృందం నివేదిక కూడా వేసింది. ఆ రాయి లారీ ఎక్కి రెండు చేతులు మారేసరికి, ఏ చేతులు పగలగొట్టాయో చెప్పగలిగినవాళ్ళు లేరు.

2011 జూలైలో లోకాయుక్త నివేదిక వచ్చింది. అదే నెలలో సుప్రీంకోర్టు జిల్లాలో గనుల పని ఆపించింది. తర్వాత సరిహద్దులు కొలిపించి, గనులను వర్గాలుగా విడదీసి, షరతుల మీద తెరిపించింది. ఖనిజాన్ని ఈ-వేలంలో అమ్మే ఏర్పాటు వచ్చింది. పర్మిట్టు, తూకం చీటీ లేకుండా లారీ కదలరాదన్న కట్టుదిట్టం వచ్చింది. అంటే, ఒక టన్ను రాయి ఏ కొండలో పుట్టిందో, ఎప్పుడు బయలుదేరిందో, ఎవరికి చేరిందో కాగితం మీద చూపించడం సాధ్యమేనని మన జిల్లాలోనే తేలింది. మరి ఆ రాయి దారిలో పనిచేసిన కూలీ ఏ ఊరినుంచి వచ్చాడు, ఎవరు తెచ్చారు, ఎంత అప్పుతో వచ్చాడు, ఎంత కూలీ చేతికి ముట్టింది? దానికీ చీటీ ఉండాలి గదా. సాధ్యం కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కంపెనీ ఎక్కడ మొదలుపెట్టాలి? నన్నడిగితే టెండరు దగ్గర. అందరికంటే తక్కువకు పాడినవాడికి పని ఇస్తారు. ఆ రేటులో ఇంతమంది కూలీలకు కనీస వేతనం, పి.ఎఫ్., వాళ్ళు వచ్చిపోయే చార్జీలు పడతాయా లేదా అని లెక్క కట్టి చూసేవాళ్ళు తక్కువ. పడకపోతే ఆ తేడా ఎక్కడినుంచి వస్తుంది? కూలీ కడుపులోనుంచే. అంటే వెట్టికి పునాది మేస్త్రి పుస్తకంలో కాకుండా కంపెనీ ఆఫీసు బల్ల మీదే పడుతుంది. అందుకని రేటు లెక్క సరిపోని టెండరును పక్కన పెట్టగలిగే అధికారం ఆఫీసరుకు ఉండాలి.

తర్వాత కూలీ డబ్బు. అది మనిషి మనిషికీ విడిగా బ్యాంకు ఖాతాలో పడాలి, ఆలుమగలకు కలిపి కాదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఖాతాలో వేశాంగదా అని కంపెనీ నిశ్చింతగా ఉంటుంది, ఏ.టి.ఎం. కార్డులన్నీ రబ్బరు బ్యాండు చుట్టి మేస్త్రి జేబులో ఉంటాయి. ఆధార్ కార్డులదీ అదే కథ. తనిఖీకి వచ్చినవాళ్ళు రిజిస్టరు కంటే ముందు "నీ కార్డు చూపించమ్మా" అని అడగాలి. తనిఖీ అంటే గుర్తొచ్చింది. వచ్చిన ఆడిటరుకు ఇంగ్లీషు, కన్నడం వస్తాయి. కూలీకి తెలుగే వస్తుంది. అప్పుడు మధ్యన మాటలు మార్చి చెప్పేదెవరు? మేస్త్రే! ఇంక నిజం ఎట్లా బయటికొస్తుంది? మన జిల్లాలో ఇది నవ్వులాట కాదు. తెలుగు తెలిసిన మనిషి, వీలైతే ఆడమనిషి, మేస్త్రి లేని చోట, పని ముగిసిన తర్వాత గుడిసె దగ్గర కూర్చుని మాట్లాడాలి. మూడు ప్రశ్నలు చాలు. ఎంత బాకీ ఉంది? రేపు ఊరికి పోవాలంటే పోగలవా? పోయిన నెల డబ్బు నీ చేతికి ఎంత వచ్చింది?

వెట్టి బయటపడిందనుకోండి. కంపెనీలు సాధారణంగా చేసే పని కాంట్రాక్టు రద్దు చేయడం. చూడడానికి గట్టి చర్యలాగే ఉంటుంది. ఆ రాత్రే మేస్త్రి గుంపునంతా ఇంకో చోటికి తరలిస్తాడు, బాకీతో సహా. మొదట చేయాల్సింది జిల్లాధికారికి తెలపడం, రావలసిన కూలీ ఇప్పించడం. కాంట్రాక్టరు కూలీ ఎగ్గొడితే పని ఇచ్చిన సంస్థే చెల్లించాలన్నది 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోని సూత్రం. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలోనూ అది ఉంది. వెట్టి చట్టం మాత్రం విడిగా అట్లాగే నిలిచి ఉంది.

బయటి దేశాల్లో దీన్ని 'ఆధునిక బానిసత్వం' అంటున్నారు. బ్రిటన్ 2015లో, ఆస్ట్రేలియా 2018లో చట్టాలు చేశాయి. పెద్ద కంపెనీలు తమకు సరుకు ఇచ్చేవాళ్ళ దగ్గర బానిసత్వం లేకుండా ఏం చేస్తున్నాయో ఏటా ప్రకటించాలి. బ్రిటన్ చట్టంలో ఒక వింత ఉంది. "మేం ఏమీ చేయలేదు" అని రాసి ప్రకటించినా చట్టానికి సరిపోతుంది! మన దేశంలోనూ స్టాకు మార్కెట్టులోని మొదటి 1000 కంపెనీలు 2022-23 నుంచి సెబీకి ఇచ్చే నివేదికలో బలవంతపు చాకిరీ మీద వచ్చిన ఫిర్యాదుల సంఖ్య చెప్పాలి. ఫిర్యాదులు సున్నా అని రాసి ఉంటే సంతోషించే ముందు, ఫిర్యాదు చేసే దారి నాలుగో మెట్టు దాకా ఉందా అని అడగాలి.

వింటున్నవాళ్ళలో మేస్త్రులూ ఉంటారు, కూలీకి పోయినవాళ్ళ ఇంటివాళ్ళూ ఉంటారు. మేస్త్రులకు ఒక మాట. అడ్వాన్సు ఇచ్చి వెట్టి చేయించుకోవడానికి చట్టంలో మూడేళ్ళ దాకా జైలు ఉంది, మీ పైవాడు ఇచ్చిన డబ్బే అయినా సరే. ఇంటివాళ్ళకు చెప్పేదేమంటే, మనిషి ఊరికి రాలేకపోతున్నాడని తెలిస్తే తహసీల్దారుకు గానీ జిల్లాధికారికి గానీ రాసివ్వండి. తెల్లకాగితం చాలు, తెలుగులో రాసినా తీసుకోవాలి. పిల్లలైతే 1098కి ఫోను చేయండి. అధికారులు విచారించి విడిపిస్తే 'విముక్తి పత్రం' ఇస్తారు. వెంటనే ఇచ్చే సాయం 30,000 రూపాయల దాకా ఉంటుంది. కేసు తేలిన మీదట పురుషుడికి లక్ష, స్త్రీలకూ పిల్లలకూ 2 లక్షలు, మరీ ఘోరమైన సందర్భాల్లో 3 లక్షల దాకా వస్తుంది. ఆ పత్రం లేకుండా బస్సెక్కించి పంపేస్తామంటే ఒప్పుకోకండి. అది చేతికొచ్చేదాకా అక్కడే ఉండండి, ఒక నకలు తీసి ఇంట్లో వేరేగా దాచండి.